పెద్దవాళ్ళు ఇల్లు మారినప్పుడు

వయసు మళ్ళిన అమ్మానాన్నలను పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి తీసుకువెళ్ళడం గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది ఎవరింట్లో వాళ్ళు చూసుకునే పని గదా, దీనికి చరిత్ర ఏమిటి అని మీకు అనిపించవచ్చు. మరెక్కడైనా అయితే ఆ ప్రశ్న సబబే. మన కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మాత్రం ఇల్లు మారడమన్నది ఊళ్ళకు ఊళ్ళు చేస్తూ వచ్చిన పని. ఆనకట్ట కోసం మారారు, కర్మాగారం కోసం మారారు, బతుకుతెరువు కోసం మారారు. మారిన ఇళ్ళల్లో ముసలి తల్లులూ తండ్రులూ ఉన్నారు. ఎన్ని కుటుంబాలు కదిలాయో లెక్క దొరుకుతుంది. ఎన్ని ఎకరాలు మునిగాయో దొరుకుతుంది. ఆ అవ్వలూ తాతలూ కొత్తచోట ఎట్లా బతికారో మాత్రం సులువుగా దొరకదు. ఉన్నంతలో ఆ సంగతులు పోగుచేసి మీ ముందు ఉంచాలని నా ప్రయత్నం.

మొదట మా ఇంటి సంగతి చెబుతాను. మా నాన్నగారు పోయిన మరుసటి ఏడు, 1996లో, మా అమ్మను గుణుపురం నుంచి రాయగడకు తెచ్చుకున్నాను. అమ్మకు అప్పటికి 71 ఏళ్ళు. సామానంతా వ్యానులో ఎక్కించింది నేనే. మంచం, ట్రంకు పెట్టె, దేవుడి పటాలు, ఇత్తడి బిందెలు అన్నీ వచ్చాయి. తిరగలి, రుబ్బురోలు మాత్రం వదిలేశాను. ఇంట్లో మిక్సీ ఉంది, ఆ బరువు మెట్ల మీదుగా ఎవరు మోస్తారు అనుకున్నాను. మాది మేడ మీది వాటా. కొత్త గ్యాసు పొయ్యి మీద పాలు పొంగించాం. అమ్మ ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి, "అంతా బాగుంది నాయనా. మరి నా చోటేదిరా?" అంది. కిటికీ ఉన్న గది చూపించాను. తల ఊపింది. ఆమె అడిగినది గది గురించి కాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. గుణుపురంలో యాభై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేసిన మనిషి ఆమె. మేడ మీద వాకిలి లేదు. నాలుగింటికి మెలకువ మామూలుగానే వచ్చేది. లేచి, చేసే పని లేక, తెల్లవారేదాకా మంచం మీద కూర్చుని ఉండేది.

ఆ తరువాతే నేను ఈ ప్రాంతంలో ఇళ్ళు మారిన పెద్దవాళ్ళ గురించి చదవడం, అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

మన సరిహద్దు తెలుగువాళ్ళకు మొదటి మార్పు ఇల్లు కదలకుండానే జరిగింది. 1936 ఏప్రిల్ 1న అప్పటి ఒరిస్సా, ఇప్పటి ఒడిశా, ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకు జయపురం ఎస్టేటు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. ఆ రోజు నుంచి అది కోరాపుట్ జిల్లా. గుణుపురం, రాయగడ కూడా అందులోకే వెళ్ళాయి. రాయగడ మళ్ళీ విడి జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. 1936 నాటికి అరవై దాటిన తెలుగు పెద్దమనిషిని ఒకసారి ఊహించండి. ఇల్లు అదే, నాగావళి అదే, మజ్జిగౌరమ్మ గుడి అదే. కాని కలెక్టరు కచేరీ విశాఖపట్నంలో లేదు. జీవితమంతా తెలుగులో దస్తావేజులు రాయించినవాడు క్రమంగా కచేరీ కాగితం చదివించుకోవడానికి మనవడిని పిలవవలసి వచ్చింది. ఇంటికి పెద్ద అయినవాడు కాగితం దగ్గర చిన్నవాడైపోయాడు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

అదే రోజుల్లో పెద్ద వయసులో ఇల్లు మారిన ఒక ప్రముఖుణ్ణి తలచుకోకుండా ఉండలేను. ఆయన విక్రమదేవవర్మ మహారాజు. తెలుగు, ఒడియా రెండింటిలోనూ పండితుడు. అంతకు ముందు చాలా ఏళ్ళు విశాఖపట్నంలో గడిపి, 1931లో జయపురం గద్దె ఎక్కారు. పుట్టినది 1869లో. అంటే అరవై రెండో ఏట కొత్త ఇల్లు, కొత్త బాధ్యత. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాతగా తెలుగువాళ్ళకు ఆయన బాగా తెలుసు. 1951లో పోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళు, ఆయనకు జయపురమే ఇల్లు. ఆ వయసులో స్థలం మారడం మనిషిని కుంగదీసి తీరుతుందని చెప్పలేమన్నమాట. ఆయన వెళ్ళినది తన పేరున్న చోటికి, తన మాట చెల్లే చోటికి. అందరికీ ఆ భాగ్యం ఉండదు.

ఇక మాచ్‌ఖండ్ సంగతికి వద్దాం. ఒడిశా, అప్పటి మద్రాసు ప్రభుత్వాలు కలిసి తలపెట్టిన జలవిద్యుత్ పథకం అది. డుడుమ జలపాతం మీద నీటి బలాన్ని వాడుకోవడానికి ఎగువన జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు. 1955లో ఉత్పత్తి మొదలైంది. మొత్తం 120 మెగావాట్లు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఆ రోజుల్లో వెలిగిన దీపాల్లో చాలా భాగం ఈ కరెంటుతో వెలిగినవే. మనం ఆ దీపాల కింద చదువుకున్నాం. ఆ నీటి కింద ఊళ్ళు ఉన్నాయన్న సంగతి మా పాఠాల్లో ఎవరూ చెప్పలేదు. ఈ పథకం గురించి రాసిన పరిశోధకుల లెక్క ప్రకారం సుమారు మూడు వేల కుటుంబాలు కదిలాయి. అందులో సగం వరకు ఆదివాసీ కుటుంబాలు. ప్రభుత్వం పునరావాసం కల్పించినది దాదాపు 600 కుటుంబాలకు. మిగిలినవాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. కొండ పైకి జరిగినవాళ్ళు కొందరు, చుట్టాల ఊళ్ళకు చేరినవాళ్ళు కొందరు.

అప్పుడు అమల్లో ఉన్న చట్టం 1894 నాటి భూసేకరణ చట్టం. దాని చూపు నేల మీద, ఆ నేల ఎవరి పేర ఉందన్న దాని మీద. పట్టా ఉన్నవాడికి డబ్బు. కొండవాలున పోడు చేసుకుని చోళ్ళు, సామలు పండించుకున్నవాడికి పట్టా ఎక్కడిది? పట్టా లేని ఇంట్లో ముసలివాళ్ళ గతి చెప్పనక్కరలేదు. పట్టా ఉన్న ఇంట్లోనూ చిక్కే. ముసలి తండ్రి పేర ఉన్న పొలానికి వచ్చిన డబ్బు చేతికి రాగానే అది కుటుంబం డబ్బు అయిపోతుంది. పొలం ఉన్నన్నాళ్ళూ ఏ మడిలో ఏమి వేయాలో తండ్రిని అడిగేవారు. నోట్ల కట్ట ఎట్లా ఖర్చు పెట్టాలో తండ్రిని అడిగేవాడెవడు?

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి. కొండ ఊళ్ళో ముసలి మనిషి విలువ ఆ మనిషికి తెలిసిన నేలతో ముడిపడి ఉంటుంది. ఏ వాలున ముందు వాన పడుతుంది, ఏ గెడ్డ ఎండాకాలంలోనూ ఆరదు, ఏ దుంప ఏ నెలలో తవ్వాలి, ఏ ఆకు ఏ జ్వరానికి పనిచేస్తుంది, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఆ ఊరి ముసలివాళ్ళే. వాళ్ళను ఇరవై మైళ్ళ అవతల దింపితే కాళ్ళూ చేతులూ ఉన్నవే ఉంటాయి, తెలివి పనికిరాకుండా పోతుంది. పాతికేళ్ళ కొడుకు కొత్త నేలను నేర్చుకుంటాడు. డెబ్భై ఏళ్ళ తండ్రికి అంత వ్యవధి ఎక్కడ ఉంటుంది? ఇల్లు మార్చేటప్పుడు మనం మంచాలూ గిన్నెలూ లెక్కపెడతాం. ఈ నష్టం లెక్కకు రాదు.

రెండో సంగతి రాళ్ళది. మాచ్‌ఖండ్, లమతాపుట్ వైపు తిరిగినవాళ్ళు గదబల ఊళ్ళు చూసే ఉంటారు. ఊరి నడుమ పెద్ద చెట్టు నీడన బల్లపరుపు రాళ్ళు, నిలువు రాళ్ళు కలిపి ఒక కొలువు కూటంలాగా ఉంటాయి. చనిపోయిన పెద్దలకు గొటార్ అనే పెద్ద క్రతువు చేసి, వాళ్ళ పేర రాళ్ళు నిలుపుతారు. బతికి ఉన్న పెద్దలు ఆ రాళ్ళ మీదే కూర్చుని తగవులు తీరుస్తారు. మన రాయగడ జిల్లా గుణుపురం వైపు సవరలలోనూ పోయినవారి కోసం రాయి నిలిపే ఆచారం ఉంది. ముసలితనంలో ఒక సవర తాత ధైర్యం ఏమిటంటే, తన తండ్రి రాయి పక్కన తనకూ ఒక రాయి నిలుస్తుందని. అటువంటి ఊరిని వదలమన్నప్పుడు, అది ఏ కారణంగానైనా సరే, కొడుకుకు పోయేది ఇల్లూ పొలమూ. తండ్రికి తన చావు తరువాతి చోటు కూడా పోతుంది. వాకిలి ఏదని మా అమ్మ అడిగినదానికే నాకు జవాబు దొరకలేదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఇంజనీరు ఎక్కడ ఉంటాడు?

కోరాపుట్ పట్టణానికి దగ్గరలోని కొలాబ్ జలాశయం తరువాతి కథ. 1970ల మధ్య పని మొదలై 1980లలో నీరు నిలిచింది. జయపురం వైపు పొలాలకు నీరు, 320 మెగావాట్ల కరెంటు. ఇక్కడా మూడు వేలకు పైగా కుటుంబాలు కదిలాయి. రైలులో వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కనిపించే ఆ నీటి అందం చూసి మురిసిపోతాం. దానికి తప్పు పట్టను, నేనూ మురిసిపోయినవాణ్ణే.

ఇదే కోరాపుట్ ఇంకో రకం వలసకు కేంద్రమైంది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం కేంద్ర ప్రభుత్వం 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టింది. దాని కార్యాలయం కోరాపుట్‌లో. ఉమర్‌కోట్, రాయ్‌ఘర్, మల్కనగిరి అడవుల్లో కొత్త ఊళ్ళు వెలిశాయి. పశ్చిమ బెంగాల్ శిబిరాల్లో ఉన్నవాళ్ళను ఏరి పంపేటప్పుడు ప్రభుత్వం రెండు రాశులు చేసింది. పని చేయగల మగవాడున్న కుటుంబాలు ఒక రాశి, వాళ్ళు దండకారణ్యానికి. ముసలివాళ్ళు, రోగిష్టివాళ్ళు, దిక్కులేని ఆడవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు రెండో రాశి. వీళ్ళకు సర్కారు కాగితాల్లో పెట్టిన పేరు పర్మనెంట్ లయబిలిటీ. తెలుగులో చెప్పాలంటే శాశ్వత భారం. వీళ్ళను శిబిరాల్లోనే, వేరే వసతి గృహాల్లో ఉంచి పోషించారు. పోషించారు, కాదనను. కాని ఒక తల్లిని ఆ పేరుతో రిజిస్టరులో రాసుకోవడం ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఆ మాట మన ఇళ్ళల్లోకి రాలేదని గట్టిగా చెప్పగలమా? "అమ్మ ఎవరి వాటాకు?" అని అన్నదమ్ములు పంపకాల నాడు అడుగుకునే ప్రశ్న దానికి ఎంత దూరంలో ఉంది?

ఇప్పుడు దమన్‌జోడి చూద్దాం. నా లెక్కలో ఈ విషయంలో మనకు అన్నిటికన్నా ఎక్కువ పాఠం చెప్పేది అదే. 1981లో నాల్కో సంస్థ ఏర్పడింది. పంచపట్మాలి కొండ మీద బాక్సైటు, కింద దమన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం. సుమారు 600 కుటుంబాలు భూమి, ఇళ్ళు ఇచ్చి కదిలాయి. మాచ్‌ఖండ్‌తో పోలిస్తే ఇక్కడ పని చాలా మెరుగ్గా జరిగిందని ఒప్పుకోవాలి. అమలాబాడి వంటి పునరావాస కాలనీలు కట్టారు. కదిలిన కుటుంబానికి ఒక ఉద్యోగం చొప్పున ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. నెల జీతం, ఆసుపత్రి, పిల్లలకు బడి వచ్చాయి.

అయితే ఉద్యోగం ఎవరికి వస్తుంది? వయసులో ఉన్నవాడికి వస్తుంది. అరవై ఏళ్ళ తండ్రిని ఏ కర్మాగారమూ తీసుకోదు. కాబట్టి తండ్రి పేర ఉన్న నేల పోయి, కొడుకు పేర ఉద్యోగం వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురుంటే ఒకడికి వచ్చింది. నిన్నటిదాకా కొడుకులు తండ్రి పొలంలో పనిచేశారు. ఇవాళ తండ్రి ఒక కొడుకు జీతం మీద బతకాలి. ఇందులో కొడుకు చేసిన మోసం ఏమీ లేదు. మంచి కొడుకే అనుకోండి, మూడు పూటలా అన్నం పెడుతున్నాడు అనుకోండి. అయినా పొగాకు కొనుక్కోవడానికి రూపాయి అడగవలసిన తండ్రి, అడగనక్కరలేని తండ్రి ఒకటి కారు. మిగిలిన ఇద్దరు కొడుకుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆ తండ్రి చేతిలో పెట్టడానికి ఏమి ఉంటుంది?

చట్టం ఈ లోపాన్ని కొంత గుర్తించింది, ఆలస్యంగానైనా. 2006లో ఒడిశా ప్రభుత్వం పునరావాస విధానం ప్రకటించింది. అందులో కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు కొడుకులు, పెళ్ళికాని కూతుళ్ళు వీళ్ళతో పాటు ఆధారపడి ఉన్న తల్లి, తండ్రి కూడా. పెద్దవాడైన కొడుకు, ముప్ఫై దాటిన పెళ్ళికాని కూతురు, వికలాంగులు, వితంతువు, వీళ్ళను విడి కుటుంబాలుగా లెక్కించారు. అంటే భర్త పోయిన తల్లికి తన పేర ఒక లెక్క వచ్చింది. ఆధారపడి ఉన్న తండ్రి మాత్రం కొడుకు ఖాతాలోనే. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం, 2014 జనవరి నుంచి అమలైనది, ఇంకో అడుగు వేసింది. వయసు వచ్చిన మనిషి ఆడగాని మగగాని, వెంట ఎవరున్నా లేకున్నా, విడి కుటుంబమే అంది. చదవడానికి చప్పగా ఉండే ఈ నిర్వచనాల్లోనే ఒక ముసలమ్మ బతుకు ఉంది. మాచ్‌ఖండ్ నాటి అవ్వకూ ఈనాటి అవ్వకూ మధ్య ఉన్న తేడా ఈ ఒక్క వాక్యం. చట్టంలో ఉన్నది ఊళ్ళో అమలవుతుందా అన్నది వేరే మాట. సర్వే చేసేవాళ్ళు వచ్చినప్పుడు అమ్మ పేరు విడిగా రాయించారా లేదా అన్నది ఇంట్లో చదువుకున్న పిల్లలు చూడవలసిన పని.

కర్మాగారాల వల్ల కదిలించబడినవాళ్ళు కొందరైతే, వాటి కోసం వచ్చినవాళ్ళు ఇంకొందరు. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లు 1962లో మొదలైంది. సునాబెడలో విమానం ఇంజన్ల కర్మాగారం 1964లో. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తెలుగువాళ్ళు వీటికి వచ్చారు. రెండు గదుల క్వార్టరు దొరకగానే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలను తెచ్చుకున్నారు. సునాబెడ చలి, పొగమంచు, సముద్రపు ఊరి ముసలివాళ్ళకు ఎంత మాత్రం పడనివి. అయినా ఇరుగు పొరుగు తెలుగువాళ్ళే, రామమందిరం కట్టుకున్నారు, సాయంత్రం నలుగురు ముసలాళ్ళు కలిసి కూర్చునేవారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొడుకు రిటైరయిన నాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పటికి కొడుకుకే అరవై ఏళ్ళు, తల్లికి ఎనభై. ఆ తల్లికి అది రెండో వలస. స్వగ్రామంలో ఇల్లు ఎప్పుడో అమ్మేశారు.

పరదేశాల్లో దీని మీద పరిశోధనలు జరిగాయి. అమెరికాలో బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పాత పేటను 1950ల చివరలో పడగొట్టి జనాన్ని వేరే చోట్లకు పంపారు. మార్క్ ఫ్రైడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వాళ్ళను కలుసుకుని మాట్లాడి, 1963లో ఒక వ్యాసం ప్రకటించాడు. చాలామంది పోయిన ఇంటి కోసం, చనిపోయిన ఆప్తుల కోసం ఏడ్చినట్టే బాధపడుతున్నారని అందులో చెప్పాడు. మన ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి బోస్టన్ దాకా పోనక్కరలేదు గాని, చదువుకున్న కొడుకులకు పైవాడు చెబితే తప్ప నమ్మకం కలగదు. నేను అందులో ఒకణ్ణి.

సరిహద్దులో ఉన్న మనకు ఇంకొక చిక్కు ఉంది. తల్లి రాయగడలో, కొడుకు పార్వతీపురంలోనో విశాఖపట్నంలోనో. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు పూర్తయినప్పటి నుంచి మనకు ఈ రాకపోకలు ఇంటి గుమ్మం దాటినంత మామూలు. అమ్మను తీసుకుపోవడానికి రైలు టిక్కెట్టు చాలు అనుకుంటాం. కాని ఆమెకు నెల నెలా వచ్చే మధుబాబు పింఛను ఒడిశాలో శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకు. 2008 నుంచి ఆ పథకం నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే వృద్ధాప్య పింఛను అక్కడ నివాసం ఉన్నవాళ్ళకు. అటు ఇటు మారితే ఒకటి పోతుంది, రెండోది ఎప్పుడు వస్తుందో తెలియదు. బియ్యం సంగతి మెరుగు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఒడిశా 2020లో చేరింది కాబట్టి, ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్ళు అవతలి రాష్ట్రంలోనూ వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. పింఛనుకు ఆ వీలు లేదు. కొడుకుకు ఆ కొద్ది డబ్బు లెక్కలోది కాకపోవచ్చు. "నా దగ్గర నీకేం తక్కువ?" అంటాడు. మనవరాలు వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి ఆమెకున్న సొంత డబ్బు అదొక్కటే. మా తోటివాళ్ళలో ఒకాయన తల్లి మకాం మార్చేముందు ఈ సంగతి కనుక్కోలేదు. కొత్తచోట పింఛను రాయించడానికి ఒక కార్యాలయం చుట్టూ ఏడాది పైగా తిరిగాడు.

పొట్టంగి వైపు కొటియా ఊళ్ళ వారి తమాషా దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఊళ్ళు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ వాదించుకుంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన దావా 2006లో తేలకుండానే ముగిసింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఇల్లు కదలకుండా రెండు రాష్ట్రాల్లో కాపురం.

ఇంటిని అమ్మడం, రాయించుకోవడం గురించి కూడా ఒక మాట. పాత ఇల్లు అమ్మి కొత్త ఇల్లు కొన్నప్పుడు, డబ్బు అమ్మది, దస్తావేజు కొడుకు పేర. ఇది ఎన్నో ఇళ్ళల్లో ఏ దురుద్దేశమూ లేకుండా జరిగే పని. తల్లిదండ్రుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసి ఇచ్చి, తరువాత చూడకపోతే, ఆ రాతను ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు మీదే ఇచ్చారని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కనుక ఉదారంగా అన్వయించాలని చెప్పింది. అయినా దస్తావేజులో ఆ వాక్యం స్పష్టంగా ఉండడమే క్షేమం. అసలు కొత్త ఇంటి కాగితంలో అమ్మ పేరు ముందు రాయించి, తరువాతి సంగతి తరువాత చూసుకుంటే ఏ సెక్షన్ అవసరం రాదు. పట్టా ఒడియాలో ఉంటే, అందులో ఏముందో తెలుగులో ఆమెకు ఒకసారి చదివి వినిపించండి. 1936 నాటి పెద్దమనిషి సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే.

మా అమ్మ సంగతి మధ్యలో వదిలాను. రాయగడకు వచ్చిన రెండో ఏడు వేసవిలో ఒకసారి గుణుపురం తీసుకువెళ్ళాను. అమ్మింది ఇల్లే గనుక, కొన్నవాళ్ళు తెలిసినవాళ్ళే గనుక, లోపలికి రమ్మన్నారు. పెరట్లో తిరగలి అట్లాగే ఉంది. నేను ఏమీ అనకముందే ఆ ఇంటి కోడలు, "తీసుకుపోండి పిన్నిగారూ, మేము వాడడం లేదు" అంది. వ్యాను మాట్లాడి తెచ్చాను. మెట్ల మీదుగా ఇద్దరు కూలీలు మోశారు. అంతకు ముందు ఏడాది మోయడం కష్టమనుకున్నవాణ్ణి నేనే.

తిరగలి వచ్చిన తరువాత అమ్మ రోజూ తెల్లవారుజామున కాసిని పెసలో కందులో విసిరేది. మాకు అంత పప్పు అక్కరలేదు. కింది వాటాలవాళ్ళకు పంచిపెట్టేది. వాళ్ళు పలకరించడం మొదలుపెట్టారు. కింది ఇంటాయన, ఒడియా ఆయన, తన వాకిట్లో సగం మీరు ముగ్గు వేసుకోండి మావుసీ అన్నాడట. ఆ మరునాటి నుంచి నాలుగింటికి మెట్లు దిగే చప్పుడు వినిపించేది. పడిపోతుందేమోనని నేను కంగారుపడి వద్దన్నాను. "నువ్వు పడుకో నాయనా" అంది. కటకటాలకు ఒక గట్టి తాడు కట్టి, మెట్ల దగ్గర బల్బు పెట్టించాను.